సీతమ్మకు సారె పట్టుకెళ్ళాం

నందిగామ

మా ఆయనకి నందిగామలో హైవే పక్కన టైర్ల కొట్టు ఉంది. నేను కోర్టులో గుమస్తాని. ఇద్దరికీ కలిసి నాలుగు రోజులు తీరిక దొరకాలంటే గ్రహాలన్నీ ఒక వరసలోకి రావాలి. అందుకని ఏటా కొత్త క్యాలెండర్ గోడకెక్కగానే నేను ఎర్ర అంకెలు వెతుకుతాను. ఈసారి ఏప్రిల్‌లో రెండో శనివారం, ఆదివారం, ఆ వెనకే మంగళవారం అంబేద్కర్ జయంతి కనపడ్డాయి. మధ్యలో సోమవారానికి సెలవు చీటీ పడేస్తే నాలుగు రోజులు చేతికొస్తాయి. ఒక్కసారైనా విమానమెక్కి వేరే దేశం వెళ్ళాలని నాకు పెళ్ళికి ముందు నుంచీ కోరిక. నాలుగు రోజుల్లో వెళ్ళిరాగల దేశమంటే శ్రీలంకే అనిపించింది.

మన ఎర్ర అంకెలన్నీ చూసుకున్నాను గానీ, వెళ్ళే దేశానికీ ఒక క్యాలెండర్ ఉంటుందని, అందులోనూ ఎర్ర అంకెలుంటాయని నా బుర్రకి తట్టలేదు. ఇది చదివి ప్రయాణం కట్టేవాళ్ళెవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగిలిందంతా కాలక్షేపానికి చదువుకోవచ్చు.

శ్రీలంక అనేసరికి మా అత్తయ్య నేనూ వస్తానంది. షిర్డీ దాటి ఎరగని మనిషి. ఆవిడ వాదన ఇదీ: సీతమ్మని రావణాసురుడు ఎత్తుకుపోయింది పర్ణశాల నుంచి. పర్ణశాల ఎక్కడుంది, భద్రాచలం పక్కన. జగ్గయ్యపేట దాటితే ఖమ్మం, ఖమ్మం దాటితే భద్రాచలం. కాబట్టి ఆ పిల్ల మన వైపు నుంచి వెళ్ళిందే. అన్ని నెలలు అశోకవనంలో ఒక్కతే కూర్చుని ఏడుస్తుంటే పుట్టింటి తరఫున ఒక్కళ్ళూ తొంగిచూడలేదు. వచ్చిన ఒక్క హనుమంతుడూ అత్తింటి తరఫువాడు. అక్కడ నువర ఎలియ అనే కొండ ఊరి దగ్గర అశోకవనం ఉన్నచోట సీతమ్మకి గుడి ఉందట. పుట్టింటివాళ్ళుగా మనం సారె తీసుకెళ్ళాలి. కోర్టులో రోజూ వాదనలు వింటాను, ఇంత గట్టి కేసు అరుదుగా తగులుతుంది.

సారె అంటే సారే. ఎర్రంచు ఆకుపచ్చ చీర, రవికెల గుడ్డ, పసుపు, కుంకుమ, పాకం పట్టి చేసిన చలిమిడి. చలిమిడి వెళ్తే ఆడపిల్ల కడుపు చల్లగా ఉంటుందని అత్తయ్య నమ్మకం. గాజులకి జగ్గయ్యపేటలో చాంద్‌బీ గారి కొట్టుకెళ్ళాం. ఎవరికని ఆవిడ అడిగితే సీతమ్మకని చెప్పాం. ఆవిడ ఏమాత్రం తడబడకుండా సైజెంతండీ అంది. అత్తయ్య కాసేపు ఆలోచించి, నా చెయ్యి పట్టుకుని ముందుకి చాపింది. ఆకుపచ్చ గాజులు రెండు డజన్లు, నా కొలతకి.

ఇక ముహూర్తం. మా ఇంట్లో కొత్త టైర్ల లోడు దింపాలన్నా పంచాంగం చూడాల్సిందే. శనివారం తెల్లవారుజామున మేం బయల్దేరే వేళకి వర్జ్యం ఉందట. విమానం వర్జ్యం చూసుకుని ఎగరదు కదా అని మా ఆయన విసుక్కున్నాడు. దానికి మన పెద్దవాళ్ళు పెట్టిన ఉపాయం ఉండనే ఉంది. ముందే మంచి ఘడియలో ఒక సంచీ తీసుకెళ్ళి వేరేవాళ్ళింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. దాన్ని ప్రస్థానం అంటారు. గురువారం మా ఆయన బట్టల సంచీ తీసుకెళ్ళి ఎదురింట్లో పెట్టింది అత్తయ్య. శనివారం కారొచ్చి హారన్ కొడుతుంటే చూద్దుముగదా, ఎదురింటికి తాళం. వాళ్ళు వత్సవాయిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళిపోయారు. మా ఆయన కట్టుబట్టలతో విదేశం బయల్దేరాడు.

నెగొంబో

విమానాశ్రయం బయట మా పేర్లు రాసిన అట్ట పట్టుకుని సుమిత్ నిలబడున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, సొంత వ్యాన్, వచ్చీరాని ఇంగ్లీషు, నిండైన నవ్వు. మా ఆయన కరచాలనం చెయ్యకముందే వంగి వ్యాన్ టైర్లు చూశాడు. చూసి నా చెవిలో, ఇవి కొండ ఎక్కే టైర్లు కాదు అన్నాడు. ఈయన పెళ్ళిచూపులకొచ్చినప్పుడు కూడా ముందు మా నాన్న స్కూటర్ టైర్లే చూశాడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ముందు చొక్కాలు కొనాలి. నెగొంబో బజార్లో కాలు పెట్టే సందు లేదు, దసరా ముందు మన బెజవాడలా ఉంది. చేపలూ నెమళ్ళూ అచ్చువేసిన బాతిక్ చొక్కాలు రెండు దొరికాయి. ఒక్కోటి వాళ్ళ రూపాయల్లో మూడు వేలు. మన లెక్కకి వెయ్యికి తక్కువే అని తేలేదాకా మా ఆయన గుండె ఆగింది. ఇంత రద్దీ ఏమిటి, పెళ్ళిళ్ళ రోజులా అని సుమిత్‌ని అడిగాను. అప్పుడు బయటపడింది సంగతి. మంగళవారం వాళ్ళ ఉగాది. అవురుదు అంటారు. మన ఉగాది వెళ్ళి నెల కావొస్తోంది. వీళ్ళు సూర్యుణ్ణి బట్టి లెక్కపెడతారు, తమిళుల్లాగే. దేశం దేశమంతా కొట్లు మూసి సొంతూళ్ళకి పోతుందట.

ఏం ఫర్వాలేదని సుమిత్ ధైర్యం చెప్పాడు. ఆదివారం కాండీ, సోమవారం మధ్యాహ్నానికల్లా సీతమ్మ గుడి. సోమవారం రాత్రికి అతను కేగల్ల దగ్గర వాళ్ళూరు చేరాలి, మాకు అక్కడే దగ్గర్లో బస చూస్తాడు. మంగళవారం సాయంత్రం విమానం దగ్గర దింపుతాడు. మంగళవారం తెల్లవారక ముందే నోనగతే మొదలవుతుందని, ఆలోపు ఎవరైనా ఇంట్లో ఉండాలని చెప్పాడు. నోనగతే అంటే పాత ఏడు వెళ్ళిపోతూ, కొత్త ఏడు ఇంకా కుదురుకోకుండా ఉన్న సంధికాలం. అప్పుడు వంట చెయ్యరు, తినరు, పని ముట్టరు. ఆ తర్వాత పొయ్యి ఎప్పుడు వెలిగించాలో, ఏ రంగు బట్ట కట్టాలో, ఏ దిక్కుకి తిరగాలో జ్యోతిష్కులు లెక్కకట్టి మొత్తం దేశానికి ఒకటే ముహూర్తం చెబుతారట.

ఇది విన్న అత్తయ్య మొహం చూడాల్సింది. మన దగ్గర ఒక్క పండక్కి ఇద్దరు పంతుళ్ళు మూడు తేదీలు చెబుతారు. ఇక్కడ దేశానికంతటికీ ఒకే ఘడియ. ఆవిడకి రావణుడి మీద కోపం కూడా కొంత తగ్గినట్టనిపించింది. మా ఆయన మాత్రం, వర్జ్యం తప్పించుకుని సముద్రం దాటితే ఇక్కడ ఇంకా పెద్ద వర్జ్యం ఎదురొచ్చిందని తల పట్టుకున్నాడు. పైగా పండగకి మందు కొట్లు కూడా మూసేస్తారని అప్పుడే తెలిసింది ఆయనకి.

కాండీ

దారంతా ఊళ్ళకి పోయే జనం. బస్సుల్లో సూట్‌కేసుల మీద మిఠాయి డబ్బాలు, డబ్బాల మీద పిల్లలు. రోడ్డు పక్కన బల్లల మీద పండగ పిండివంటలు అమ్ముతున్నారు. అత్తయ్య బండి ఆపించి ఒక్కొక్కటీ తిప్పిచూసింది. కోకిస్ అన్నవి మన గులాబీ పువ్వులే. అతిరస అచ్చం అరిసె. కవుం అని ఒకటుంది, నడినెత్తిన పిలక పెట్టుకున్న బూరెలా ఉంది. దాని పాకం ఒక్క రవ్వ ముదిరిందని ఆవిడ తీర్పు. తంబిలి అనే కాషాయం రంగు కొబ్బరిబోండాలు తాగాం. బోండాం రెండు వందలని వినగానే ఉలిక్కిపడి, మన డబ్బుల్లోకి మార్చుకుని మళ్ళీ ఊపిరి పీల్చుకోవడం అప్పటికి అలవాటైపోయింది.

సారె ఇచ్చేదాకా నీసు ముట్టనని అత్తయ్య మొక్కుకుంది. పొద్దున్న ఇడియప్పంలోకి ఎర్రటి కొబ్బరి పచ్చడి వేస్తే రెండుసార్లు అడిగి వేయించుకుంది. పొల్ సంబల్ అంటారు. అందులో ఎండుచేప పొడి కొడతారని మా ఆయన తీరిగ్గా, అంతా అయ్యాక చెప్పాడు. ప్రస్థానం పగ తీర్చుకున్నాడన్నమాట. అత్తయ్య, తెలియక తిన్నది లెక్కలోకి రాదని మూతి తుడుచుకుంది.

బుద్ధుడి దంతం ఉన్న గుడిలో మరో తగువు. మా ఆయన నెమళ్ళ చొక్కాతో బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోబోతే కాపలా ఆవిడ వచ్చి గట్టిగా మందలించింది. అక్కడ దేవుడికి వీపు చూపిస్తూ ఫొటో దిగడం పెద్ద తప్పు. మనం గుడి దగ్గర రాసిన సూచనలు కూడా లెక్కచెయ్యం గానీ, అక్కడ అందరూ తెల్లబట్టల్లో, చేతుల్లో పూలతో, చిన్న గొంతుతో మాట్లాడుకుంటున్నారు. అత్తయ్య ఆవిడకి దణ్ణం పెట్టి, మా జగ్గయ్యపేట గుట్ట మీద కూడా మీ బుద్ధుడి స్తూపం ఉందమ్మా అని తెలుగులోనే చెప్పుకుంది. ఆవిడ తలూపి మా ఆయన్ని క్షమించింది.

గంపొల దాటాక

సోమవారం పొద్దున్నే కొండ దారి పట్టాం. కాండీ వదిలిన కాసేపటికి మొదటి టైరు పంక్చర్. స్టెప్నీ వేసుకుని గంపొల దాటామో లేదో అదీ కూర్చుంది. మా ఆయన ఏమీ అనలేదు. అనకుండా ఎలా చూస్తారో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

ఊరు ఊరంతా మూసుంది, టైర్లు దొర్లించుకుంటూ వెతికేసరికే మధ్యాహ్నం దాటింది. పంక్చర్ కొట్లు వరసగా నాలుగు కనపడ్డాయి, నాలుగింటికీ తాళాలు. అయిదోదాని వెనకే ఇల్లుంది. ఇల్లాలు ఇల్లు కడుగుతోంది. భర్త ఊరికి వెళ్ళాడని, పని వస్తే మీరే చేసుకోండని తాళంచెవి చేతికిచ్చింది. అలా హైవే మీద పేరున్న టైర్ల కొట్టు యజమాని, కొట్లో కుర్రాళ్ళ చేత చేయించడం తప్ప తను పని చెయ్యని మనిషి, నెమళ్ళ చొక్కా మోచేతుల దాకా మడిచి పరాయి దేశంలో రెండు టైర్లు విప్పి, ట్యూబులు నీళ్ళలో ముంచి, బుడగలు వెతికి అతుకులేశాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన అంత సంతోషంగా ఉన్నది అప్పుడే. ఆ ఇల్లాలు మా అందరికీ తలో కవుం పెట్టింది.

అంతా అయ్యేసరికి సాయంత్రం కావొస్తోంది. పై నుంచి వస్తున్నవాళ్ళు ఆపి చెప్పారు, పండగ సెలవులకి వచ్చిన జనంతో పైన బళ్ళు కదలట్లేదని. ఎంత తొందరపడినా గుడి మూసే వేళకి చేరలేం. మా ఆయన అప్పటికప్పుడు ఉపాయం కట్టాడు. రాత్రికి పైనే ఉండి, తెల్లారగానే సీతమ్మ దర్శనం చేసుకుని, అటునుంచి అటే విమానానికి పోదాం. సుమిత్‌కి అదనంగా ఇస్తామన్నాడు.

సుమిత్ కాసేపు రోడ్డు కేసి చూసి సరే సర్ అన్నాడు. తర్వాత పక్కకెళ్ళి ఫోన్ చేశాడు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు. తిరిగొచ్చాక ఎవరికి చేశాడో అడగమంది అత్తయ్య. అమ్మకి, నేను రావట్లేదు, పొయ్యి నువ్వు వెలిగించుకో అని చెప్పానన్నాడు. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగితే ఎవరూ లేరన్నాడు. తండ్రి పోయాడు. అక్క కువైట్‌లో ఒకరింట్లో పనికి ఉంది, మూడేళ్ళుగా సెలవివ్వలేదు. ఈ వ్యాన్ కూడా ఆ అక్క పంపిన డబ్బుతో కొన్నదే.

నేను తెలుగులో చెప్పడం పూర్తికాక ముందే అత్తయ్య అంది, "బండి తిప్పమను."

"అమ్మా, గుడి ఇక్కడికి రెండు మూడు గంటలే. ఇంత దూరం వచ్చింది ఎందుకే మరి?" అన్నాడు మా ఆయన.

"తెలుసురా. పండగపూట ఒక తల్లిని పొయ్యి దగ్గర ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఆ పుణ్యం మూటగట్టుకుని సీతమ్మకి పసుపు కుంకుమ ఇస్తానా? ఆవిడ పుచ్చుకుంటుందా? తిప్పమను."

సుమిత్‌కి ఈ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి అతను రెండు చేతులూ జోడించాడు. వ్యాన్ వెనక్కి తిరిగింది. అత్తయ్య సారె సంచీ ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి వెళ్ళిపోతున్న కొండల్ని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. మళ్ళీ రావడం కుదరదని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద కోపమూ వచ్చింది, ఇంత మంచితనం ఇక్కడే చూపించాలా అని.

కేగల్ల దగ్గర పల్లె

మాకు బస చూస్తానన్నవాడు తిన్నగా వాళ్ళింటికే తీసుకెళ్ళాడు. రబ్బరు తోటల మధ్య చిన్న పెంకుటిల్లు. కొడుకుని చూసి ఆ తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. వాళ్ళూ అమ్మని అమ్మే అంటారు, అక్కని అక్కే అంటారు. ఆ రెండు మాటలతోనే అత్తయ్యా ఆవిడా పడుకునేదాకా కబుర్లు చెప్పుకున్నారు. ఏం అర్థమైందో వాళ్ళకే తెలియాలి.

మంగళవారం నోనగతే. పొయ్యి చల్లగా ఉంది. టీ లేదు. మా ఆయన ఇల్లంతా తిరిగి, పెరట్లో తిరిగి, చివరికి సుమిత్ వ్యాన్ టైర్లకి గాలి చూడబోతే అదీ పనేనని అత్తయ్య కూర్చోబెట్టింది. ఆవిడకి ఇదంతా గ్రహణంనాటి మన ఇల్లులాగే ఉంది. ఏం ముట్టకూడదో ఎవరూ చెప్పకుండానే పాటించింది. ఎక్కడో కోయిల కూస్తోంది. అవురుదుని తెచ్చేది ఆ పిట్టేనట. ఇక్కడి దాకా వచ్చి కూడా కోయిలకి ఉగాది డ్యూటీయే పడింది.

పొద్దెక్కాక ఉన్నట్టుండి ఊరంతా టపాకాయలు పేలాయి. ఘడియ వచ్చింది. తల్లి, జ్యోతిష్కులు చెప్పిన దిక్కుకి తిరిగి పొయ్యి వెలిగించింది. కొత్త కుండలో పాలు పెట్టింది. మన గృహప్రవేశంలో లాగే పాలు పొంగి నాలుగు వైపులా కారాలి. కారాయి. సుమిత్ తల్లి పక్కనే నిలబడున్నాడు. ఆవిడ ఒక చేత్తో కొడుకు మోచెయ్యి పట్టుకునే ఉంది. తర్వాత కిరిబత్, అంటే కొబ్బరిపాలలో ఉడికించిన అన్నం, ముక్కలుగా కోసి ఉల్లికారంతో తన చేత్తో అందరి నోట్లోనూ పెట్టింది. మా ఆయన కళ్ళు మూసుకుని తిన్నాడు. భక్తికి అనుకున్నాను గానీ, తర్వాత అడిగితే ఆకలికి అన్నాడు.

అప్పుడు సుమిత్ వాళ్ళక్కకి వీడియో కాల్ చేశాడు. తలకి గుడ్డ కట్టుకుని వంటింట్లో మూల నిలబడి గుసగుసగా మాట్లాడుతోంది. తల్లి కిరిబత్ ముక్క తీసి ఫోన్ దగ్గర పెట్టింది. ఆ పిల్ల నోరు తెరిచింది. అక్కడి పొయ్యి తనది కాదు కదా, అందుకని అదే ఘడియకి ఒక కప్పులో పాలు వేడిచేసి పొంగించుకుని, ఎవరూ చూడకముందే తుడిచేశానని చెప్పిందట. సుమిత్ ఈ ముక్క నాకు ఇంగ్లీషులో చెబుతుంటే నేను అత్తయ్యకి తెలుగులో చెప్పాను. ఇంతలో అవతల నుంచి ఎవరో పిలిచారు. ఫోన్ కట్టయింది. తల్లి కాసేపు ఆ నల్లటి అద్దం కేసి చూసి, లేచి వెళ్ళి పొయ్యి గట్టు మీద కారిన పాలు తుడవడం మొదలుపెట్టింది.

వాళ్ళకి ఇంకో ఆనవాయితీ ఉంది. ఏడాదిలో మొదటి ఇచ్చిపుచ్చుకోలు మంచి చెయ్యి ఉన్నవాళ్ళతో జరగాలి. మన కొట్లో బోణీ లాంటిది. ఆవిడ తమలపాకుల్లో ఒక నోటు పెట్టుకుని తిన్నగా అత్తయ్య దగ్గరికొచ్చింది. అత్తయ్య పుచ్చుకుని లోపలికెళ్ళింది. పర్సు కోసమనుకున్నాం. సారె సంచీతో వచ్చింది.

చీర, రవికెల గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు ఒకదాని తర్వాత ఒకటి ఆవిడ చేతుల్లో పెట్టింది. అమ్మా, అది సీతమ్మకి కదే అన్నాడు మా ఆయన.

"సీతమ్మకి రాముడొచ్చాడురా. సముద్రం మీద వారధి కట్టుకుని మరీ వచ్చాడు. ఈ పిల్లకి ఎవరొస్తారు?"

ఆ తల్లికి ముందు అర్థం కాలేదు. నేను సుమిత్‌కి, సుమిత్ ఆవిడకీ చెప్పాం. ఇది పుట్టింటివాళ్ళు ఆడపిల్లకి ఇచ్చే సారె అని, మీ అమ్మాయి వచ్చాక కట్టుకోవాలని. ఆవిడ చీరని గుండెలకి హత్తుకుని నిలబడింది. చలిమిడి మాత్రం దాచొద్దంది అత్తయ్య. ఒక ముద్ద తీసి ఆవిడ నోట్లో పెట్టి, కన్న కడుపు ముందు చల్లబడనీ అంది. దానికి తర్జుమా ఎవరూ అడగలేదు.

పండగయ్యాక కూడా పనికి బయల్దేరడానికి ఇంకో ముహూర్తం ఉందట, అది ఇంకా కొన్నాళ్ళకి గానీ రాదు. మరి మమ్మల్ని దింపేదెలా అని నేను కంగారుపడితే, ఇంటికొచ్చిన చుట్టాల్ని సాగనంపడం పనెలా అవుతుందన్నాడు సుమిత్. ఉపాయాలు మనకొక్కళ్ళకే తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ. అత్తయ్య అతని వీపు తట్టింది.

మళ్ళీ నందిగామ

బుధవారం నేను కోర్టుకీ, మా ఆయన కొట్టుకీ వెళ్ళిపోయాం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళంతా మా అరుగు మీదున్నారు. ఫొటోలు చూపించమన్నారు. ఉన్నవన్నీ టైర్లూ, పిండివంటలే. వాళ్ళలో ఒకావిడకి అనుమానమొచ్చి, అంత దూరం సారె పట్టుకెళ్ళారు గదా, ఇంతకీ సీతమ్మని చూశారా పిన్నీ అని అడిగింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. అత్తయ్య నాకు అవకాశమివ్వలేదు.

"చూశాం. ఫోన్లో కనపడింది. చిక్కిపోయిందమ్మా పిల్ల."